మా స్టోర్స్ ఖాళీ అయింది, సరుకు మాత్రం బాలానగర్‌లో ఉంది

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌లో మూల భావనలు ఏమిటి, అందులో నైతికతకు చోటుందా, ఇప్పటి ధోరణులు ఎటు పోతున్నాయి, ఎంబీఏలో ఆ విభాగం తీసుకోవచ్చా అని ప్రశ్నలో అడిగారు. నిర్వచనాలు ఏ పాఠ్యపుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలోనే దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్ళను. హైదరాబాదు శివార్లలో హైడ్రాలిక్ పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో పందొమ్మిదేళ్ళు ప్రొడక్షన్ ప్లానింగ్ చూసినవాడిగా నాకు గట్టిగా తెలిసిన విషయం ఒక్కటే ఉంది, అదే చెబుతాను. నిల్వ ఎక్కడికీ మాయం కాదు. మీ దగ్గర తగ్గిందంటే, మీకన్నా బలం తక్కువున్నవాడి దగ్గర పెరిగిందని నూటికి తొంభై సందర్భాల్లో ధైర్యంగా అనుకోవచ్చు. ఈ తొంభై ఎక్కడి లెక్క అని అడిగితే నా దగ్గర కాగితమేదీ లేదు, కళ్ళారా చూసిందే ఆధారం.

2011లో మా యాజమాన్యం ఒక కన్సల్టెన్సీ వారిని పిలిపించింది. వారు వచ్చిన నెల రోజుల్లో గోడల నిండా జపాను మాటలు వెలిశాయి: కైజెన్ (ఎడతెగని చిన్న చిన్న మెరుగుదలలు), కాన్‌బాన్ (కావలసినప్పుడు కావలసినంతే తెప్పించుకునే పద్ధతి), ముదా (వృథా). పన్నెండేళ్ళుగా మిషను పక్కన నూనె గుడ్డలు పేర్చుకుంటూ వచ్చిన ఆపరేటరు చేత పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే ‘ఫైవ్ ఎస్’ పద్ధతి ప్రతిజ్ఞ చేయించి ఫోటోలు తీశారు. వారి అసలు సిఫారసు మాత్రం సూటిగా ఉంది: బయటినుంచి వచ్చే విడిభాగాల నిల్వను 21 రోజుల నుంచి 3 రోజులకు దించాలి. ఆ పని నాకు అప్పగించారు, నేను ఏడు నెలల్లో దించాను. షాఫ్టుల సంగతే తీసుకుంటే, రోజుకు 300 చొప్పున వాడే మా స్టోర్స్‌లో 6,300 ఉండే చోట 900 మిగిలాయి. ముక్క ధర 420 రూపాయలు కనుక, తగ్గిన 5,400 ముక్కల విలువ 22 లక్షల 68 వేలు. బ్యాంకుకు మేము కట్టే 12 శాతం వడ్డీ లెక్కన ఒక్క షాఫ్టుల మీదే ఏడాదికి 2 లక్షల 72 వేలు మిగిలినట్టు నేనే స్లయిడు తయారుచేశాను. వార్షికోత్సవంలో నాకొక ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం, చేతి గడియారం ఇచ్చారు. గడియారం ఇప్పటికీ నడుస్తోంది.

2012 అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం పది గంటలకు అసెంబ్లీ లైను ఆగింది. మా పంపుకు మూడు రకాల షాఫ్టులు పడతాయి: కీవే, స్ప్లైన్, టేపర్. ఎగుమతి ఆర్డరు ఒకటి ముందుకు జరగడంతో స్ప్లైన్ షాఫ్టులు కావలసి వచ్చాయి, అవి స్టోర్స్‌లో ఒక్కటి కూడా లేవు. పర్చేజ్‌లో ఉన్న సహోద్యోగి వెండరుకు, అంటే షాఫ్టులు చేసి ఇచ్చే సరఫరాదారుకు ఫోను చేసి, లైను ఆగిన ప్రతి నిమిషానికీ డెబిట్ నోటు వేస్తామని, అంటే బిల్లులో కోత పెడతామని గట్టిగా బెదిరించాడు. అలా వేసే హక్కు మాకు ఒప్పందంలోనే ఉంది. ఆర్డరు ఆలస్యంగా మార్చినందుకు మా మీద నోటు వేసే హక్కు వెండరుకు ఎక్కడా లేదన్న సంగతి అప్పటివరకు నాకు తట్టనే లేదు. ఫోనుతో పని జరగదని నేను జీపు తీసుకుని ఆయన షెడ్డు ఉన్న బాలానగర్ బయలుదేరాను. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళుగా షాఫ్టులు చేయిస్తున్నా, నేను ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఇందులో గొప్పేమీ లేదు, సిగ్గుపడే చెబుతున్నాను.

అది పవర్ హాలిడేల కాలం. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటు ఉండేది కాదు. సందులోకి తిరగగానే వరసగా జనరేటర్ల పొగ, ఒక్కో గుమ్మంలోనుంచి లేత్ చప్పుడు, కాలువలో తెల్లగా పారే కూలెంటు నీళ్ళు. ఆయన షెడ్డు కింద, కాపురం పైన. షెడ్డులో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషను, ఒక సిలిండ్రికల్ గ్రైండరు, వాటి మధ్య మనిషి అడ్డంగా నడవవలసినంత దారి. మిగిలిన జాగా అంతా మా షాఫ్టులే. ట్రేల మీద ట్రేలు పేర్చి, తుప్పు పట్టకుండా నూనె పూసి, మీద నీలం పట్టా కప్పి ఉంచారు. మెట్లకు ఒక పక్కగా గోనె సంచులు, వాటి మీద సుద్దముక్కతో మా పార్టు నంబర్లు.

టీ తాగుదురు రండి అని ఆయన పైకి తీసుకువెళ్ళారు. ముందు గదిలో మంచం కింద కూడా మావే. నేను ఒంగి ఒక ట్రే బయటకు లాగి చూశాను: కీవే షాఫ్టులు, గ్రైండింగ్ పూర్తయినవి, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి ఉంది. ఆ కాగితాలు ఏవో స్కూలు పరీక్షల ప్రశ్నపత్రాలు. కిటికీ పక్కన పిల్ల చదువుకునే బల్ల మీద టేపర్ షాఫ్టుల ట్రేలు రెండు ఉన్నాయి, ఆ పిల్ల వసారాలో మెట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇల్లంతా పోపు వాసన, రస్ట్ ఆయిల్ వాసన కలిసిపోయి ఉంది. ఆయన భార్య టీ గ్లాసు చేతికిస్తూ, ‘అన్నయ్యగారూ, ఇవి ఎప్పుడు తీసుకెళ్తారండీ? దీపావళికి ఇల్లు కడుగుదామంటే నేల కనిపించడం లేదు’ అన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నవ్వి, ‘మీ స్టోర్స్ మా ఇంటికి మారింది సార్, అంతే’ అన్నారు.

లైను ఆగిపోయిన సంగతి కాసేపు పక్కనబెట్టి, జేబులోంచి డైరీ తీసి లెక్క రాసుకున్నాను. పూర్తయి ఉన్నవి 2,600, హీట్ ట్రీట్‌మెంటుకు, అంటే ఫర్నేసులో వేడిచేసి గట్టిపరచడానికి, వెళ్ళడానికి వేచి ఉన్నవి, అక్కడ ఫర్నేసు దగ్గర పడి ఉన్నవి కలిపి 2,000, టర్నింగ్, మిల్లింగ్ మధ్యలో ఉన్నవి 1,150. మొత్తం 5,750. మేము తగ్గించామని చప్పట్లు కొట్టించుకున్న 5,400 కన్నా ఇంకో 350 ఎక్కువే. అంతా ఉండి కూడా కావలసిన స్ప్లైన్ షాఫ్టు పూర్తయినది ఒక్కటీ లేదు. ఉన్న స్ప్లైన్లన్నీ ఫర్నేసు దగ్గర వరసలో ఉన్నాయి.

మూల భావనలు అడిగారు కాబట్టి ఆ రోజు నేను గుణపాఠంగా నేర్చుకున్న ఒక సూత్రం ఇక్కడే చెప్పేస్తాను. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు గణితపరంగా నిరూపించిన సూత్రమది: లోపల పేరుకున్న సరుకును రోజుకు బయటికి వెళ్ళే సరుకుతో భాగిస్తే, కొత్తగా లోపలికి వెళ్ళినది బయటికి రావడానికి సగటున ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. 5,750ని 300తో భాగించండి. 19 రోజులు. అంటే ఆ షెడ్డులో ఈరోజు కడ్డీ కోస్తే అది షాఫ్టుగా మా గేటు దాటడానికి 19 రోజులు పడుతుంది. మేమేమో ప్రతి గురువారం సాయంత్రం షెడ్యూలు మార్చి, సోమవారానికి మరో రకం కావాలని మెయిలు పంపేవాళ్ళం. ఆ మెయిలు పంపింది నేనే.

ఆయన మూర్ఖంగా పేర్చుకున్నారా అంటే, ముమ్మాటికీ కాదు. ఏ వారం ఏ రకం అడుగుతామో తెలియదు, సమయానికి ఇవ్వకపోతే డెబిట్ నోటు తప్పదు. అందుకని మూడు రకాలూ ముందే చేసి పెట్టుకున్నారు. పక్క వీధిలోని ఫర్నేసువాళ్ళు 600 ముక్కలు ఉంటే తప్ప లోడు ఎక్కించరు, ఒక లోడు ఎక్కి దిగడానికి పన్నెండు గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే లోడు మొత్తం పాడవుతుంది కనుక పవర్ హాలిడేకు ముందు రోజు అసలు ఎక్కించరు. అడ్డంకి సిద్ధాంతం చెప్పిన గోల్డ్‌రాట్ పాఠాన్ని నాకు ఆ ఫర్నేసు చెప్పింది: మొత్తం వ్యవస్థ వేగం అందులో అన్నిటికన్నా ఇరుకైన చోటును బట్టే ఉంటుంది, మిగతా చోట్ల ఎంత పరుగెత్తినా అక్కడికి వచ్చి పేరుకోవలసిందే. మా కన్సల్టెన్సీవారు మా గేటు లోపల ఉన్న పద్దెనిమిది మిషన్లనూ స్టాప్‌వాచితో కొలిచారు. అసలు ఇరుకు మా గేటుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇక డబ్బు సంగతి. ఒప్పందంలో 60 రోజుల్లో చెల్లింపు అని ఉంది. ఆయన చూపించిన ఖాతాలో మా బిల్లులు 110 రోజులకు గానీ రావడం లేదు. ఈ మధ్యలో కడ్డీలకు, జీతాలకు, జనరేటరు డీజిలుకు ఆయన చిట్టీ పాడారు, అదీ చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఏడాదికి 24 శాతం. సగం పనిలో ఉన్నవి కూడా ఉన్నాయి కనుక ముక్కకు ఆయన పెట్టుబడి సగటున 300 రూపాయలే అనుకున్నా, 5,750 ముక్కల మీద 17 లక్షల 25 వేలు, దాని మీద వడ్డీ 4 లక్షల 14 వేలు. అంటే 2 లక్షల 72 వేల వడ్డీ మిగిల్చానని నేను పుచ్చుకున్న ప్రశంసాపత్రం వెనుక, మరో ఇంట్లో 4 లక్షల 14 వేల వడ్డీ కట్టబడుతోంది. మా పుస్తకంలో పొదుపు, ఊరు మొత్తం మీద చూస్తే దండుగ. ఆ డబ్బు ఏదో ఒక రోజు ధర పెంపుగానో, నాసిరకం కడ్డీగానో, మూతపడిన షెడ్డుగానో తిరిగి మా దగ్గరికే రాక తప్పదు. మీరడిగిన నైతికతకు వేరే అధ్యాయం అక్కరలేదన్నది నా నమ్మకం. ఖర్చు లెక్క గేటు దగ్గర ఆపకుండా చివరిదాకా వేస్తే చాలావరకు అదే కనిపిస్తుంది.

చట్టం లేక కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. మా 60 రోజుల ఒప్పందం పుట్టుకతోనే చెల్లనిది. కొనుగోలు విభాగంలో ఆ మాట ఎత్తిన వారిని నేను చూడలేదు. ఆయనకు మాత్రం చట్టం తెలుసు. ఫిర్యాదు చేయవచ్చు కదా అంటే, ‘కేసు గెలుస్తాను సార్, ఆర్డరు పోతుంది’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

టొయోటా పేరు చెప్పి మనవాళ్ళు ఇదంతా చేస్తారు కనుక అక్కడి సంగతి కూడా కొంత చెప్పాలి. టొయోటా ఇంజనీరు తైచీ ఓనో అమెరికన్ సూపర్‌మార్కెట్లలో కొనేవారు తమకు కావలసినంతే, కావలసినప్పుడే తీసుకువెళ్ళే పద్ధతిని చూసి కాన్‌బాన్‌కు రూపమిచ్చారని అందరూ చెబుతారు. దానికి పునాదిగా ఉన్న హైజుంకాను, అంటే రోజువారీ ఉత్పత్తిని ఎగుడుదిగుడులు లేకుండా సమంగా పరిచి ఉంచడాన్ని ఎవరూ చెప్పరు. గోడ మీద ఆ మాట నాకు ఎక్కడా కనిపించలేదు. ఎందుకంటే అది వెండరు పాటించవలసింది కాదు, కొనేవాడు పాటించవలసింది. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సైకీ వారి కరియా కర్మాగారం తగలబడినప్పుడు, బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడే తయారవుతున్నందున, టొయోటా జపాను కర్మాగారాలు కొద్ది రోజుల పాటు నిలిచిపోయాయి. చుట్టుపక్కల సరఫరాదారులు పదులకొద్దీ ముందుకు వచ్చి, తమ పని పక్కనబెట్టి ఆ వాల్వు చేసి ఇచ్చారు. నెలల తరబడి బిల్లులు ఆపినవాడి కోసం ఎవరైనా అలా పరుగెత్తుతారా?

2011 భూకంపం తర్వాత టొయోటా తన చిప్ సరఫరాదారులను రెండు నుంచి ఆరు నెలల నిల్వ పెట్టుకోమని అడిగిందని, 2021లో మిగతా కార్ల కంపెనీలు చిప్పులు లేక అల్లాడుతున్నప్పుడు అదే దాన్ని కొంతకాలం కాపాడిందని పత్రికల్లో వచ్చింది. ఆ నిల్వ పెట్టుకున్నందుకు, ఏటా సరఫరాదారుల నుంచి కోరే ధర తగ్గింపులో కొంత వారికే తిరిగి వదిలిపెట్టిందని కూడా వచ్చింది. నాకు ఆసక్తికరమైనది ఈ రెండో వాక్యమే. అక్కడ కూడా సరుకు ఉన్నది సరఫరాదారు దగ్గరే, కానీ దాని అద్దె ఎవరు కడుతున్నారో లెక్కలో ఉంది. ‘జస్ట్ ఇన్ టైమ్ పోయి జస్ట్ ఇన్ కేస్ వచ్చింది’ అని, అంటే సరిగ్గా సమయానికి తెప్పించుకోవడం పోయి, అవసరం పడితే ఉంటుందని ముందే నిల్వ పెట్టుకోవడం వచ్చిందని, కోవిడ్ తర్వాత ప్రతి సెమినారులోనూ వినిపిస్తున్న ధోరణికి సంబంధించి నేను అడిగే ప్రశ్న కూడా అదే: ఆ ‘కేస్’ కోసం పెట్టిన సరుకు ఎవరి మంచం కింద ఉంది?

ధోరణుల్లో రెండోది పది నిమిషాల డెలివరీ. నిజాంపేటలో మా వీధి చివర ఒక భవనం సెల్లారులో డార్క్ స్టోరు, అంటే ఆన్‌లైన్ ఆర్డర్లకు మాత్రమే సరుకు ఉంచే గోదాము, ఒకటుంది. నిన్న సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు దాని ముందున్న వేపచెట్టు కింద బండ్ల మీద కూర్చున్న కుర్రాళ్ళను లెక్కపెట్టాను, పదిహేడు మంది. పాలప్యాకెట్టు పది నిమిషాల్లో మన ఇంటికి రావాలంటే ఎక్కడో ఏదో సిద్ధంగా వేచి ఉండాలి. ఇక్కడ వేచి ఉన్నది మనుషులు. ఆర్డరు చేతికిచ్చేవరకు వాళ్ళ సమయానికి పైసా లేదు. మా షాఫ్టులకు కనీసం నూనె పూసి పట్టా కప్పారు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ ఇలా జీతం కాకుండా పనికింత చొప్పున చేసే గిగ్ కార్మికుడు అంటే ఎవరో మన చట్టంలో తొలిసారిగా నిర్వచించింది గానీ, చెట్టు కింద వేచి ఉన్న గంట ఎవరి ఖాతాలో పడాలో తేల్చలేదు.

కృత్రిమ మేధతో డిమాండు అంచనా వేయడం గురించి కూడా అడగబోతున్నారని తెలుసు. మంచిదే, నేర్చుకోండి. అయితే నేను చూసిన ఎగుడుదిగుడుల్లో ఎక్కువ భాగం అంచనా తప్పడం వల్ల రాలేదు. నెలాఖరులో టార్గెటు అందుకోవడానికి సేల్స్‌వాళ్ళు ఆర్డర్లు ముందుకు లాగడం వల్ల వచ్చాయి. అలా లాగడానికి వాళ్ళు చేసే ఫోనును పట్టుకునే సాఫ్ట్‌వేరు ఇంకా రాలేదు.

బాలానగర్ నుంచి వచ్చిన సోమవారం నేను మా ప్లాంటు హెడ్‌కు మూడు పేజీల నోటు పెట్టాను. షెడ్యూలును పది రోజుల పాటు మార్చకుండా స్థిరపరచాలి, పూర్తయిన షాఫ్టుల్లో ఏడు రోజుల నిల్వను మన స్టోర్స్‌కు తెచ్చుకోవాలి, బిల్లులు 45 రోజుల్లో చెల్లించాలి. ఆయన చదివి, రెండోదాని మీద వేలు పెట్టి, ‘నువ్వే తగ్గించి, నువ్వే పెంచమంటే పైవాళ్ళకు ఏం చెప్పను?’ అన్నారు. మూడోది ఫైనాన్స్‌కు పంపారు, అది అక్కడే ఉండిపోయింది. మొదటిది మాత్రం ఖర్చు లేనిది కనుక ఒప్పుకున్నారు. కేవలం షెడ్యూలు మార్చకుండా ఉన్నందుకే నాలుగు నెలల్లో ఆ షెడ్డులో సరుకు 5,750 నుంచి 3,400కు దిగింది, స్ప్లైన్ షాఫ్టుల కోసం లైను మళ్ళీ ఆగలేదు. సంక్రాంతి తర్వాత వెళ్ళినప్పుడు మంచం కింద మంచినీళ్ళ బిందె, చీపురు ఉన్నాయి. బల్ల మీద పిల్ల పుస్తకాలు ఉన్నాయి.

అందుకని ఎంబీఏలో ఈ విభాగం తీసుకోండి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళినప్పుడు మాత్రం డ్యాష్‌బోర్డు ముందు రెండు నెలలూ గడపకుండా, పర్చేజ్ విభాగాన్ని అడిగి అన్నిటికన్నా చిన్న వెండరు చిరునామా తీసుకుని, ఒక రోజు అక్కడ కూర్చోండి. ఏ సరుకు ఎన్నాళ్ళుగా ఉందో, బిల్లు ఎన్నాళ్ళకు వస్తుందో, షెడ్యూలు చివరిసారి ఎప్పుడు మారిందో అడగండి. ఆ కంపెనీ ఆపరేషన్స్ ఎలా నడుస్తున్నాయో వాళ్ళ వార్షిక నివేదికకన్నా స్పష్టంగా తెలుస్తుంది.

బిల్లుల సంగతి ఏమైందంటే, నేను 2019లో ఆ ఉద్యోగం మానేసేవరకు ఏమీ కాలేదు. 2024 మార్చి చివరి వారంలో ఒక రాత్రి ఆయన ఫోను చేశారు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారిగా, అడగకుండానే, పాత బాకీలన్నీ ఒకే రోజు ఖాతాలో పడ్డాయట. ‘మీరేమైనా చెప్పారా సార్?’ అన్నారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని బిల్లును చెల్లించిన ఏడాదిలోనే తప్ప ఖర్చుగా చూపుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన ఆ సంవత్సరం నుంచే అమలులోకి వచ్చింది, మార్చి 31 దాటితే వాళ్ళకు పన్ను పడుతుంది. నేను కాదండీ, ఇన్‌కమ్ టాక్స్‌వాళ్ళు చెప్పారు అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు, తర్వాత ఏప్రిల్ బిల్లులు కూడా ఇలాగే వస్తాయా అని అడిగారు.